లేహ్ వంటింట్లో అరగంట

డిసెంబరు సాయంత్రం ఎండ కొండ వెనక్కి తప్పుకోగానే లేహ్‌లో ఇల్లిల్లూ ఒక్క గదిలోకి సర్దుకుంటుంది. ఇంట్లో ఎన్ని గదులున్నా చలికాలం కాపురమంతా వంటింట్లోనే. మధ్యలో ఇనుప పొయ్యి, దాని గొట్టం కప్పులోంచి బయటికి. గోడ పొడవునా చెక్క అరలు, వాటి మీద తోమి మెరిపించిన రాగి, ఇత్తడి గిన్నెల వరస. నేల మీద తివాచీలు, వాటి ముందు మోకాలెత్తు బల్లలు. పిల్లలు హోంవర్కు చేసుకునేదీ, పెద్దవాళ్లు జపమాల తిప్పేదీ, చుట్టాలొస్తే కూర్చోబెట్టేదీ అక్కడే. బయట ఉష్ణోగ్రత సున్నాకు 15 డిగ్రీలు దిగువన ఉంటే ఇంట్లో రెండో గదిని వేడి చేయడమంటే ఉన్న పిడకలు తగలేసుకోవడమే.

ఆ పొయ్యి మీద రాత్రి భోజనానికి తరచూ ఎక్కేది స్క్యూ. బంగాళాదుంప, క్యారెట్, టర్నిప్, ముల్లంగి ముక్కల మధ్య గోధుమ పిండి బిళ్లలు వేసి ఉడికించే చిక్కటి సూప్ అది. సూప్ అనగానే హోటల్ మెనూ కార్డు మొదటి పేజీ గుర్తొస్తుంది. మొక్కజొన్న పిండితో చిక్కబరిచి, అసలు భోజనం వచ్చేలోగా నాలుగు చెంచాలు తాగి పక్కకు నెట్టేసే పదార్థమది. స్క్యూ ఆ కోవలోది కాదు. అన్నం, కూర, పులుసు అన్నీ అదే. రోజంతా బయట పనిచేసి వచ్చిన మనిషి రెండు గిన్నెలు తిని పడుకుంటే తెల్లారేదాకా ఒంట్లో వేడి నిలవాలి. పిండి తడిపిన దగ్గర్నుంచి గిన్నెల్లో పోసేదాకా పట్టేది అరగంట, మహా అయితే నలభై నిమిషాలు.

వండే తీరులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. నలుగురికి రెండు కప్పుల గోధుమ పిండి సరిపోతుంది. ఉప్పు వేసి, చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా తడిపి మూత పెడతారు. అది నానేలోగా కూరల పని. నూనెలో ఉల్లి, అల్లం, వెల్లుల్లి వేగాక పసుపు, కొంచెం కారం, దొరికితే ఒక టమాటా. ఆ తర్వాత గట్టి దుంపలు ముందు పడతాయి. ముక్కలు పెద్దవిగానే ఉంటాయి, చిన్నవైతే చిదిమిపోతాయి. అవి మునిగి పైన నాలుగు వేళ్ల ఎత్తు నిలిచేలా వేడినీళ్లు పోస్తారు. నీళ్లు తెర్లేలోగా పొయ్యి చుట్టూ కూర్చున్నవాళ్లందరికీ తలో పిండి ముద్ద చేతికొస్తుంది. దాన్ని వేలి లావున కడ్డీలా సాగదీసి, చిటికెడు చిటికెడు తుంచి, అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కుతారు. మధ్యలో గుంట, అంచున కొద్దిగా మందం, బుల్లి టోపీ లాంటి ఆకారం. పండక్కి గవ్వలు ఒత్తిన చెయ్యి ఏదైనా ఈ పనిని చూడగానే గుర్తుపడుతుంది. కాకపోతే ఇక్కడ గవ్వల చెక్క ఉండదు, వేలిముద్రే దాని మీది గీతలు. ఏ బిళ్ల పిల్లలది, ఏది అమ్మమ్మది అన్నది గిన్నెలో పడ్డాక కూడా పోల్చుకోవచ్చు.

దుంపలు సగం ఉడికాక బిళ్లలు ఒక్కొక్కటిగా నీళ్లలో పడతాయి. అంతా ఒక్కసారి గుమ్మరిస్తే ముద్ద కడతాయి. వాటి నుంచి వదిలిన పిండి నీళ్లను చిక్కబరుస్తుంది కాబట్టి వేరే గంజి అక్కర్లేదు. చివర్లో పాలకూర, పాడి ఉన్న ఇంట్లో కాసిని పాలో మీగడో. దించే ముందు పోపు. ఆవాలు, జీలకర్రలకు బదులు లడఖ్ పోపులో పడేది స్కోట్సె. కొండవాలుల్లో దొరికే ఒక రకం అడవి ఉల్లి ఆకు ఇది. వేసవిలో కోసుకొచ్చి ఎండబెడతారు. వేడి వెన్నలో చిటికెడు వేస్తే వెల్లుల్లికీ ఉల్లికాడకూ మధ్యస్థమైన వాసన గదంతా నిండుతుంది. కొన్ని ఇళ్లలో జీలకర్రను పోలిన కోస్‌న్యోత్ అనే అడవి గింజలు కూడా వేస్తారు. మాంసం దొరికిన రోజున అదీ పడుతుంది కానీ, రోజువారీ స్క్యూకు దుంపలే ప్రాణం.

బొటనవేలి నొక్కు అందం కోసం కాదు. లేహ్ సముద్ర మట్టానికి సుమారు 11,500 అడుగుల ఎత్తులో ఉంది. అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా వేడి అంతకు మించదు, ఆవిరి మాత్రం ఎగిరిపోతుంది. కందిపప్పు, రాజ్మా లాంటివి కుక్కర్ లేకుండా గంటల తరబడి మొండికేస్తాయి. ఆ వేడిలో లోపలిదాకా ఉడకాలంటే పిండి పలచగా ఉండాలి. మధ్యలో పడ్డ గుంట బిళ్లను పలచబరుస్తుంది, పైగా చెంచాడు రసాన్ని పట్టి ఉంచుతుంది. ప్రెషర్ కుక్కర్ రాకముందు పిడకల మంట మీద అరగంటలో కడుపు నింపే వంట కనిపెట్టాలంటే ఇంతకంటే మంచి ఉపాయం తట్టదు. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఇదే వండితే నీళ్లు 98, 100 డిగ్రీలకు చేరతాయి కాబట్టి దుంపలు త్వరగా మెత్తబడతాయి. బిళ్లల్ని కాస్త ముందే వేసుకోవాలి. టర్నిప్ దొరక్కపోతే ముల్లంగి, నూల్‌కోల్ ఆ పని చేస్తాయి. స్కోట్సె లోటును ఉల్లికాడలు పూర్తిగా తీర్చలేవు, సగం తీరుస్తాయి.

స్క్యూకు చుట్టాలు చాలామందే ఉన్నారు. పిండిని చతురస్రంగా కోసి రెండు కొసలు మధ్యలో కలిపి నొక్కితే అది ఛుటాగి, చొక్కా మెడకు కట్టుకునే బో ఆకారం. చేత్తో సాగదీసి తుంచి వేస్తే టిబెటన్ల థెన్‌తుక్. పొడుగ్గా కోస్తే థుక్పా. వేయించిన బార్లీ పిండిని నీళ్లలో జారుగా కాస్తే నమ్‌తుక్, మన రాగి జావకు వేలు విడిచిన మేనత్త కూతురు. కశ్మీర్ ఆధీన రేఖకు అవతల పాకిస్థాన్ చేతిలో ఉన్న బల్తిస్థాన్‌లో ఇదే కుటుంబపు సూప్‌ని బలే అంటారు. నేపాల్‌లోని ముస్తాంగ్, సిక్కిం, భూటాన్, అరుణాచల్ పర్వత ప్రాంతాల దాకా ఏదో ఒక పేరుతో ఇది ఉడుకుతూనే ఉంటుంది. దేశాల సరిహద్దులు గీసినవాళ్లు ఈ గిన్నెను పట్టించుకున్నట్టు లేదు. 1959 తర్వాత వచ్చిన టిబెటన్ శరణార్థుల వెంట థుక్పా ఢిల్లీలోని మజ్ను కా టీలాకు, కర్ణాటకలోని బైలకుప్పెకు చేరింది. తెలుగునాట చలికాలం స్వెట్టర్ల దుకాణాలు పెట్టే టిబెటన్లు సాయంత్రం తమ కోసం వండుకునేదీ ఈ కోవలోదే. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర నిర్వహించినప్పుడు లడఖ్ సహా హిమాలయ ప్రాంతాల బౌద్ధులు వేల సంఖ్యలో కృష్ణా తీరానికి వచ్చారు. చాలామంది తెలుగువారు ఈ మనుషులను దగ్గరగా చూసింది అప్పుడే.

లడఖ్‌లో కొత్త సంవత్సరం లోసర్ డిసెంబరులోనే వస్తుంది, టిబెటన్లకంటే దాదాపు రెండు నెలల ముందు. పదిహేడో శతాబ్దపు రాజు జమ్యాంగ్ నంగ్యాల్ యుద్ధానికి బయల్దేరుతూ పండగను ముందుకు జరిపాడని, అదే ఆనవాయితీగా నిలిచిపోయిందని చెబుతారు. ఆ పండగ ముందురోజు రాత్రి తినేదీ సూపే. దాని పేరు గుతుక్. ‘గు’ అంటే తొమ్మిది, తొమ్మిది దినుసులు పడాలన్నది నియమం. అందులో కొన్ని పెద్ద పిండి ఉండల లోపల ఏదో ఒకటి దాచిపెడతారు. మిరపకాయ వచ్చినవాళ్లు వాగుడుకాయలు, బొగ్గుముక్క వచ్చినవాళ్లది నల్లటి మనసు, ఉన్ని వచ్చినవాళ్లు మెత్తనివాళ్లు. బొగ్గు వచ్చిన మామగారి మొహం చూడటానికి కోడళ్లకు ఏడాదికి ఒక్కసారి దొరికే అవకాశం ఇది.

అయితే స్క్యూ అరగంట వంట అనడంలో చిన్న మోసం ఉంది. ఆ అరగంట ఏడాది పొడవునా సాగే పనిలో ఆఖరిది మాత్రమే. లేహ్ చుట్టుపక్కల ఏడాదికి పడే వాన, మంచు కలిపినా 100 మిల్లీమీటర్లు. కరువు జిల్లా అని పేరుపడ్డ అనంతపురంలో పడేదానిలో దాదాపు అయిదో వంతు. పంట కాలం చూస్తే మే నుంచి సెప్టెంబరు దాకా, అంతే. ఆ నాలుగైదు నెలల్లో పండినదే మిగతా ఏడు నెలలకూ ఆధారం. అందుకే ప్రతి ఇంటికీ బార్లీ చేను పక్కన ఓ కూరల దొడ్డి ఉంటుంది. దాన్ని త్సాస్ అంటారు. టర్నిప్, ముల్లంగి, బంగాళాదుంప, క్యారెట్, క్యాబేజీ, ఆకుకూరలు అందులోంచే.

సెప్టెంబరు చివర్లో పల్లెల్లో ఇళ్ల కప్పులు రంగులు మారతాయి. చదునైన మట్టి కప్పుల మీద టర్నిప్ ఆకు, పాలకూర, టమాటా ముక్కలు, ఆప్రికాట్లు ఎండుతుంటాయి. రాయలసీమలోనూ తెలంగాణలోనూ వంకాయ, గోరుచిక్కుడు ఒరుగులు పెట్టినట్టే. అక్కడ ఎండ మండిపడుతుంది కనుక ఎండుతాయి. ఇక్కడ చలిగా ఉన్నా గాలిలో తేమ లేదు కనుక రంగు పోకుండా ఎండుతాయి. దుంపలకు వేరే ఏర్పాటు. ఇంటి పక్కనో, ఇంటి అడుగునో తవ్విన గుంత ఉంటుంది. పేరు సాడోంగ్. నేల పైభాగం గడ్డకట్టుకుపోయినా కొన్ని అడుగుల లోపల మట్టి వెచ్చగానే ఉంటుంది. దుంపల్ని మట్టితోనో ఇసుకతోనో కప్పి మూత వేస్తే మార్చి, ఏప్రిల్ దాకా నిలుస్తాయి. జనవరి రాత్రి స్క్యూ కోసం ఒకరు లాంతరు పట్టుకుని, ఇంకొకరు గుంతలోకి దిగి క్యారెట్లు పైకి అందించడం లడఖీల చిన్నతనపు జ్ఞాపకాల్లో తప్పనిసరిగా ఉండే ఘట్టం. కరెంటు అక్కర్లేని ఫ్రిజ్ అది. పైగా ఇక్కడ ఫ్రిజ్ పని చల్లబరచడం కాదు, గడ్డకట్టకుండా కాపాడటం.

ఇక నీళ్లు. వాన లేని చోట చేనుకు నీళ్లెక్కడివి? పైన కొండల్లో మంచు, హిమానీనదాలు కరిగి వాగులవుతాయి, వాగులు కాలువలవుతాయి. ఏ రోజు ఎవరి చేనుకు ఎంతసేపు తూము తెరవాలో చూసేందుకు ఊరు ఒకరిని ఎన్నుకుంటుంది. ఆయన చుర్‌పోన్, నీటి పెద్ద. తెలంగాణ చెరువుల కింద నీరటి, రాయలసీమలో నీరుగంటి చేసిన పని ఇదే. తెలుగునాట చాలా ఊళ్లలో ఆ పదవి మాటగా మిగిలింది. లడఖ్ పల్లెల్లో ఇంకా బతికే ఉంది, బతకక తప్పదు కూడా. విత్తనాలు వేసే ఏప్రిల్, మే నెలల్లోనే నీటికి కటకట. మంచు గట్టిగా కరిగేది జూన్, జూలైల్లో. ఆ నడుమ వారం రోజులు నీళ్లు ఆలస్యమైతే ఆ ఏడు దొడ్డిలో టర్నిప్ లేనట్టే.

దొడ్డిలోని కూరలన్నీ అనాదిగా అక్కడివే అనుకుంటే పొరపాటు. టర్నిప్, ముల్లంగి పాతకాపులు. బంగాళాదుంపను ఈ కొండలకు తెచ్చింది మొరేవియన్ క్రైస్తవ మిషనరీలని చెబుతారు. వాళ్లు పంతొమ్మిదో శతాబ్దం నడుమ లాహుల్‌లోని కేలాంగ్‌లోను, 1885లో లేహ్‌లోను మిషన్ పెట్టారు. క్యాబేజీ, కాలీఫ్లవర్, టమాటాలు ఈ స్థాయిలో వ్యాపించడానికి మరో కారణం సైన్యం. 1962 చైనా యుద్ధం తర్వాత లడఖ్‌లో పెద్ద సంఖ్యలో జవాన్లను మోహరించారు. అంతమందికి తాజా కూరలు విమానాల్లో మోయడం కష్టం. డీఆర్‌డీఓ లేహ్‌లో నెలకొల్పిన పరిశోధనాశాల (నేటి డీహార్) ఈ ఎత్తులో ఏవి పండుతాయో పరీక్షించి రైతులకు విత్తనాలు, మెలకువలు అందించింది. లేహ్ చుట్టుపక్కల రైతులకు కూరలు కొనే ఖాతాదారుగా సైన్యం నిలిచింది. ఈ రోజు శాకాహార స్క్యూలో ఇన్ని రంగులు ఉన్నాయంటే అందులో మిషనరీకీ, జవానుకూ వాటా ఉన్నట్టే.

లేహ్ మెయిన్ బజారులో వేసవి, శరత్కాలాల్లో ఈ కథంతా పేవ్‌మెంట్ మీద పరిచి ఉంటుంది. పైన సెంగ్గే నంగ్యాల్ కట్టించిన తొమ్మిదంతస్తుల కోట, కింద బజారు చివర జామా మసీదు, ఆ మధ్యలో వరసగా కూర్చున్న మహిళలు. షే, సాబు, ఫ్యాంగ్ లాంటి పల్లెల నుంచి ఉదయాన్నే వచ్చి పాలకూర కట్టలు, మట్టి అంటిన టర్నిప్‌లు, ముల్లంగి, ఎండబెట్టిన ఆప్రికాట్లు, జున్ను ముక్కలు ముందు పెట్టుకుంటారు. చేతిలో అల్లిక సూదులు కదులుతూనే ఉంటాయి. బేరం పెద్దగా సాగదు. నాలుగు అడుగుల అవతల దుకాణంలో కింది నుంచి లారీలో వచ్చిన క్యాప్సికం, బీన్స్ నిగనిగలాడుతుంటాయి. పట్టణంలో కొత్త తరం ఇళ్ల వంటింటికి అవే ఎక్కువగా వెళుతున్నాయి.

అసలు చిక్కు ఇక్కడే. లడఖ్‌ను పర్యాటకులకు తెరిచింది 1974లో. అప్పట్లో ఏడాదికి వందల్లో వచ్చేవారు. 2009లో ‘3 ఇడియట్స్’ పాంగాంగ్ సరస్సును దేశమంతటికీ చూపించాక దారి మారిపోయింది. 2022లో వచ్చినవారి సంఖ్య 5 లక్షలు దాటింది. 2011 జనాభా లెక్కల ప్రకారం లడఖ్ జనాభాయే 2.74 లక్షలు. బార్లీ చేను ఏడాదికి ఇచ్చేది ఒక్క పంట. అదే జాగాలో ఎనిమిది గదుల గెస్ట్‌హౌస్ ఇచ్చేది ఒక్క వేసవిలోనే అంతకు ఎన్నో రెట్లు. పిల్లల్ని జమ్మూలోనో చండీగఢ్‌లోనో చదివించాల్సిన తండ్రి ఏది ఎంచుకుంటాడో చెప్పనక్కర్లేదు, తప్పు పట్టనూ లేం. రేషన్ దుకాణంలో కింది నుంచి వచ్చే చవక బియ్యం, గోధుమ పిండి దశాబ్దాలుగా దొరుకుతున్నాయి. బార్లీ పండించకపోతే పస్తులుండాల్సిన రోజులు ఎప్పుడో పోయాయి. అది మంచిదే. కానీ చేను పోతే వెంట దొడ్డి పోతుంది, దొడ్డి పోతే సాడోంగ్ పూడిపోతుంది.

గెస్ట్‌హౌస్ తెచ్చిన ఇంకో మార్పు గురించి భోజనం పేజీలో రాయడం మర్యాద కాకపోయినా రాయక తప్పదు. లడఖ్ సంప్రదాయ మరుగుదొడ్డికి చుక్క నీరు అక్కర్లేదు. పై అంతస్తులో గది, నేలలో రంధ్రం, పక్కన మట్టి, బూడిద. ఏడాదికోసారి కింది గదిలోంచి తీసిన ఎరువు నేరుగా చేలకు. ఆ చల్లటి, పలచటి నేలలో అంతేసి టర్నిప్‌లు ఊరడం వెనక రహస్యం అదే. పర్యాటకుడికి ఫ్లష్ కావాలి, వేడినీళ్ల షవర్ కావాలి. దాంతో బోర్లు వేశారు, నేలలో నీటి మట్టం మీద భారం పడింది. చేనుకు చేరాల్సిన ఎరువు సెప్టిక్ ట్యాంకులో మిగిలిపోయింది. దొడ్డికి నీళ్లూ పోయి, ఎరువూ పోయి, చివరికి మిగిలేది లారీ కోసం ఎదురుచూపు. గదికి రోజుకు ఎన్ని వేలైనా ఇచ్చే పర్యాటకుడు మళ్లీ రాత్రి భోజనంలో ‘ఆర్గానిక్ లోకల్ వెజిటబుల్ సూప్’ అడగడం ఇందులో కొసమెరుపు.

అలాగని లడఖీలు చేతులు ముడుచుకు కూర్చోలేదు. చెవాంగ్ నోర్ఫెల్ అనే సివిల్ ఇంజనీరు ఊళ్లకు పైన, ఎండ పడని చోట వాగు నీటిని రాతి గట్ల మధ్య మళ్లించి చలికాలంలో గడ్డకట్టేలా చేశారు. అసలు హిమానీనదాల కంటే తక్కువ ఎత్తులో ఉండటంతో ఈ కృత్రిమ మంచు ముందే, సరిగ్గా విత్తనాల వేళకు కరుగుతుంది. 1987 నుంచి ఈ పని చేసిన ఆయనకు 2015లో పద్మశ్రీ వచ్చింది. సోనమ్ వాంగ్‌చుక్ బృందం 2013-14 నుంచి అదే ఆలోచనను నిలువుగా మార్చింది. పైపుల ద్వారా తెచ్చిన నీటిని చలి రాత్రుల్లో పైకి చిమ్మి స్తూపం ఆకారంలో గడ్డకట్టించారు. ఎండ తగిలే వైశాల్యం తక్కువ కాబట్టి మంచు స్తూపం వసంతం ముగిసేదాకా నిలుస్తుంది. జన్‌స్కార్‌లోని కుమిక్ ఊరి జనం నీళ్లు చాలక మరో చోటికి తరలాల్సి వచ్చిన సంగతి తెలిసినవారికి వీటి విలువ వివరించనక్కర్లేదు. నీళ్లు లేకపోవడమే కాదు, తప్పు సమయంలో రావడమూ ఈ నేలకు శాపమే. 2010 ఆగస్టు 5 రాత్రి లేహ్ మీద విరుచుకుపడ్డ కుంభవృష్టి 200 మందికి పైగా బలి తీసుకుంది. సాబు, చోగ్లమ్‌సర్‌లలో చేలూ దొడ్లూ బురద కింద, బండరాళ్ల కింద పడిపోయాయి.

దొడ్డిని నిలబెట్టే మరో ప్రయత్నం గ్రీన్‌హౌస్. లడఖ్ గ్రీన్‌హౌస్ అంటే గాజు మేడ కాదు. మూడు వైపులా మందపాటి మట్టి ఇటుక గోడలు, దక్షిణం వైపు మాత్రం ఏటవాలుగా పాలిథిన్ కప్పు. పగలంతా గోడలు ఎండను తాగి రాత్రి వేడిని వదులుతాయి. బయట సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఉన్నా లోపల పాలకూర, కొత్తిమీర చిగురిస్తాయి. ప్రభుత్వ పథకాలు, స్వచ్ఛంద సంస్థల సాయంతో పల్లెల్లో ఇవి బాగానే వ్యాపించాయి. ఒకప్పుడు జనవరి స్క్యూలో ఎండు ఆకు నానబెట్టి వేసేవారు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ స్థానంలో ఉదయం కోసిన పచ్చి పాలకూర ఉంటుంది. పాతకాలపు రుచి తగ్గిందని ముసలివాళ్లు అనొచ్చు. రక్తహీనత గురించి తెలిసిన నర్సు మాత్రం అలా అనదు.

శ్రీనగర్ నుంచి వచ్చే దారిలో జోజిలా కనుమ ఎత్తు 11,575 అడుగులు. ఒకప్పుడు మంచుకు ఆరు నెలలు మూతపడేది. లడఖ్ వంటలోని పొదుపంతా ఆ ఆరు నెలల కోసమే పుట్టింది. బీఆర్‌ఓ యంత్రాలతో మంచు తొలగించే వేగం పెరగడంతో మూసి ఉంచే కాలం 2023లో 68 రోజులకు, 2025లో 32 రోజులకు దిగింది. ఇప్పుడు కనుమ కిందుగా సుమారు 13 కిలోమీటర్ల సొరంగం తవ్వకం సాగుతోంది. పని హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థది, మొదలైంది 2020 అక్టోబరులో. 2028 నాటికి పూర్తిచేయాలన్నది లక్ష్యం. అది తెరుచుకుంటే జనవరిలోనూ లారీలు ఆగవు. కాన్పు కష్టమైన తల్లి విమానం కోసం వాతావరణం వైపు చూడనక్కర్లేదు, ఫిబ్రవరిలో ఉల్లిపాయ ధర వింటే గుండె జారదు. సొరంగం వద్దనే లడఖీ దొరకడం కష్టం. కానీ కొత్తగా కట్టే ఇళ్లలో సాడోంగ్ తవ్వించుకునేవాళ్లు ఇప్పటికే తగ్గిపోయారు. కొండచరియలు విరిగి పడినప్పుడో, సరిహద్దులో ఉద్రిక్తత పెరిగి దారి సైనిక వాహనాలకే సరిపోయినప్పుడో పనికొచ్చేది మాత్రం ఇంటి గుంతలో ఉన్న క్యారెట్లే. 2020 వేసవిలో గల్వాన్ తర్వాత రోడ్లన్నీ కాన్వాయ్‌లతో నిండినప్పుడు ఆ సంగతి అందరికీ ఒకసారి గుర్తొచ్చింది.

ఈ సూప్‌ను దాని సొంత ఊళ్లో తినాలంటే చిన్న ప్రణాళిక అవసరం. ఢిల్లీ నుంచి విమానంలో గంటంబావులో లేహ్ చేరిపోవచ్చు, ఒళ్లు మాత్రం అంత త్వరగా చేరదు. మొదటి రెండు రోజులు కదలకుండా విశ్రాంతి తీసుకోవాలి. ఆకలి మందగిస్తుంది, తల భారంగా ఉంటుంది, దాహం తెలియకుండానే ఒంట్లో నీరు తగ్గుతుంది. ఆ రెండు రోజులకూ బిర్యానీ కంటే పలచగా చేసిన స్క్యూ, థుక్పా ఎంతో నయం. బజారు హోటళ్లలో థుక్పా ఎక్కడైనా దొరుకుతుంది. స్క్యూ, ఛుటాగి మాత్రం లడఖీ వంటలే వండే కొద్ది చోట్ల ఉంటాయి, అక్కడా గంట ముందు చెప్పాలి. అసలైనది కావాలంటే పల్లెల్లో హోమ్‌స్టేకు వెళ్లడమే. హెమిస్ జాతీయ పార్కులోని రుంబక్ లాంటి ఊళ్లలో మంచు చిరుతను చూడవచ్చేవారి కోసం ఇళ్లవాళ్లే గదులిస్తున్నారు. ఆ డబ్బు చిరుత పొట్టనబెట్టుకునే గొర్రెల నష్టాన్ని కొంత పూడుస్తుంది. అతిథికి వేరే వంట ఉండదు, ఇంట్లోవాళ్లు తినేదే పెడతారు. పొడి మరుగుదొడ్డి చూసి మొహం చిట్లించకుండా ఉంటే చేతికి ఓ పిండి ముద్ద కూడా ఇస్తారు.

తినేటప్పుడు తెలియాల్సిన మర్యాద ఒకటుంది. లడఖ్‌లో పెట్టగానే పుచ్చుకోవడం గౌరవం కాదు. వద్దనాలి, వాళ్లు బలవంతపెట్టాలి, మళ్లీ వద్దనాలి. ఆ తర్వాత పుచ్చుకోవాలి. గోదావరి జిల్లాల పెళ్లిలో వడ్డన తిన్నవారికి ఈ తంతు కొత్త కాదు. చిక్కేమిటంటే నిజంగానే కడుపు నిండి వద్దన్నా అది మర్యాదే అనుకుని గరిటె మళ్లీ దిగుతుంది. ఖాళీ గిన్నె కనిపిస్తే నింపేస్తారు. అడుగున నాలుగు బిళ్లలు మిగిల్చి, గిన్నె మీద అరచేయి అడ్డం పెట్టి, ‘జూలే’ అనాలి. నమస్కారానికీ, కృతజ్ఞతకూ, వీడ్కోలుకూ కూడా ఆ ఒక్క మాటే.